డీజిల్ ధర, లారీ కిరాయి: పర్ణశాల దారిలో ప్రభుత్వం చేయగలిగింది

పర్ణశాల పేరు వినగానే తెలుగువారికి సీతారాముల వనవాసం స్ఫురించడం సహజమే గాని, గోదావరి ఎడమగట్టున దుమ్ముగూడెం మండలంలో ఉన్న ఈ ఊరి పరిసరాలలో ఏడాది పొడవునా సాగే సరుకు రవాణాను పట్టించుకునేవారు తక్కువ. ఏటి రేవుల నుంచి హైదరాబాదు వైపు ఇసుక, చర్ల, వెంకటాపురం నేలల నుంచి ఖమ్మం మార్కెట్టుకు మిర్చి, ఎండాకాలంలో అడవి నుంచి తునికాకు, ఏటికి ఆవల సారపాక కాగితపు మిల్లుకు సుబాబుల్, జామాయిల్ కర్ర, మణుగూరు గనుల నుంచి బొగ్గు, గిరిజన గూడేలకు చౌకబియ్యం, ఎరువులు, ఇవన్నీ ఎక్కువగా లారీల మీదనే కదులుతాయి. ఏటి ఎడమగట్టున రైలు లేదు. భద్రాచలం రోడ్డు అనే పేరున్న రైల్వే స్టేషను కూడా నిజానికి భద్రాచలానికి 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉంది. కాబట్టి ఇక్కడ డీజిల్ ధర పెరగడమంటే మిర్చి రైతు చేతికందే సొమ్ము, ఇల్లు కట్టుకునేవాడి ఇసుక ఖర్చు, రెండింటికీ నడుమ స్టీరింగు పట్టుకున్న మనిషి కూలి, మూడూ ఒకేసారి కదలడమని అర్థం. ఈ మూడింటిలో మొదట దెబ్బ తినేది ఎవరి భాగం, అందుకు ప్రభుత్వం ఇంతవరకు ఏం చేసింది, ఇంకా ఏం చేయగలదు అన్నది ఈ ప్రసంగ విషయం.

డీజిల్ ధర ఒడుదొడుకులకు లోనుకావడం మన దేశంలో అంత పాత సంగతి కాదు. చాలా కాలం పాటు పెట్రోలియం ధరలను కేంద్ర ప్రభుత్వమే నిర్ణయించేది. దీనిని పాలిత ధరల విధానం అనేవారు. అంటే అంతర్జాతీయ విపణిలో ముడిచమురు పెరిగినా తగ్గినా బంకులో ధర మారడానికి సర్కారు ఉత్తర్వు కావాలి, ఆ తేడాను ప్రత్యేక ఖాతాలో సర్దుబాటు చేసేవారు. 2002 ఏప్రిల్‌లో ఆ విధానం కాగితం మీద రద్దయినా, డీజిల్ విషయంలో ఆచరణ మరో పుష్కరకాలం సాగింది. 2013 జనవరి నుంచి నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచుకుంటూ వచ్చి, 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిల్‌ను పూర్తిగా విపణికి వదిలేసింది. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధర రోజువారీగా మారే పద్ధతి వచ్చింది. నెల మొదట్లో ఒప్పుకున్న కిరాయికి నెలాఖరున బండి నడిపే డ్రైవరుకు ఆ తేదీతో లెక్క తప్పడం మొదలైంది.

విపణికి వదిలేయడమంటే తగ్గుదల, పెరుగుదల రెండూ వినియోగదారుకు చేరాలి. చేరింది ఒకటే. 2020 వసంతంలో కోవిడ్ మూలంగా ముడిచమురు ధర ఎన్నడూ లేనంతగా పడిపోయినప్పుడు కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని, అంటే ఉత్పత్తి దశలో లీటరుకు ఇంత అని వసూలు చేసే పన్నును, మార్చిలో 3 రూపాయలు, మే నెలలో డీజిల్‌పై మరో 13 రూపాయలు పెంచింది. దానితో లీటరు డీజిల్‌పై కేంద్ర సుంకం 31 రూపాయల 83 పైసలకు చేరింది, బంకులో ధర మాత్రం తగ్గలేదు. తర్వాత ముడిచమురు మళ్లీ పెరిగినప్పుడు ఆ పెరుగుదల ఆ సుంకం మీద వచ్చి పడింది. 2021 నవంబరులో దీపావళి ముందు 10 రూపాయలు, 2022 మే 21న 6 రూపాయలు తగ్గించినప్పుడు వాటిని ఊరట చర్యలుగా ప్రకటించారు గాని, ఆ తగ్గింపంతా అంతకు ముందు పెంచినదే. ఈ రెండు తగ్గింపుల మధ్య, 2022 మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 దాకా, యుక్రెయిన్ యుద్ధం దరిమిలా పదహారు రోజుల్లో ధర ఢిల్లీలో లీటరుకు 10 రూపాయలు, హైదరాబాదులో దాదాపు 11 రూపాయలు పెరిగింది.

ఒకే పెరుగుదల రెండు నగరాలలో రెండు రకాలుగా కనిపించడానికి కారణం రాష్ట్రాల వ్యాటు. వ్యాటు అంటే అమ్మకపు ధరపై రాష్ట్రం విధించే అదనపు విలువ పన్ను. డీజిల్‌ను జీఎస్టీ పరిధిలోకి తేలేదు కాబట్టి ఏ రాష్ట్రపు శాతం ఆ రాష్ట్రానిదే. తెలంగాణ 2015 జనవరిలో డీజిల్‌పై వ్యాటును 22.25 శాతం నుంచి 27 శాతానికి పెంచింది. ఆంధ్రప్రదేశ్ 22.25 శాతం అలాగే ఉంచి, దానిపై లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్ల అభివృద్ధి సెస్సు పేరిట 1 రూపాయి చేర్చింది. ఛత్తీస్‌గఢ్ 2021 నవంబరులో తన శాతాన్ని రెండు పాయింట్లు తగ్గించుకుంది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ పని చేయలేదు. ఈ వివరాలు పన్నుల శాఖ పద్దులుగా తోచవచ్చు. కాని పర్ణశాల దారిలో తిరిగే డ్రైవరుకు ఇవి దినచర్య. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరిట పాత ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోగా దానిని ఆనుకుని ఉన్న ఎటపాక, గుండాల, పిచుకలపాడు, కన్నాయిగూడెం వంటి పంచాయతీలు అటు పోయాయి. అందువల్ల భద్రాచలం నుంచి పర్ణశాలకు వెళ్లే బండి తెలంగాణలో బయలుదేరి, ఆంధ్రప్రదేశ్‌లో కొంత దూరం నడిచి, మళ్లీ తెలంగాణలో ప్రవేశిస్తుంది. 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు సాగే బండి మూడు రాష్ట్రాల బంకులను చూస్తుంది. ఎక్కడ ట్యాంకు నింపాలన్నది ఇక్కడి డ్రైవరుకు తెలిసినంత బాగా ఏ ఆర్థిక శాఖాధికారికీ తెలియదు.

శాతంలో వేసే పన్నుకు, లీటరుకు ఇంత అని వేసే పన్నుకు స్వభావంలో పెద్ద భేదం ఉంది. శాతం పన్ను ధరతో పాటు ఉబ్బుతుంది: మూలధర 10 రూపాయలు పెరిగితే తెలంగాణలో బంకు ధర 12 రూపాయల 70 పైసలు పెరుగుతుంది, ఆ 2 రూపాయల 70 పైసలు రాష్ట్ర ఖజానాకు అడగకుండా వచ్చిన ఆదాయం. లీటరు లెక్కన వేసిన పన్ను ఎంత భారమైనా నిలకడగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో మామూలు రోజుల్లో డీజిల్ ఖరీదెక్కువ, తెలంగాణలో పెరిగే రోజుల్లో పెరుగుదల ఎక్కువ. భారాన్ని, ఒడుదొడుకును వేరువేరుగా చూడకుండా రెండింటినీ ‘డీజిల్ ధర’ అన్న ఒకే మాటలో కలిపేయడం వల్ల లారీ సంఘాల వినతిపత్రాలలోనూ, ప్రభుత్వ ప్రకటనలలోనూ గందరగోళం ఏర్పడింది. ఖజానాకు నష్టం లేకుండానే శాతాన్ని లీటరు లెక్కకు మార్చవచ్చు, సగటు ఆదాయం ఉన్నచోటే ఉంటుంది, ఉబ్బు మాత్రం తగ్గుతుంది.

సరిహద్దు అడవులకు సంబంధించి మరొక అంశం ఉంది. బంకు ధరలో డిపో నుంచి ట్యాంకరు వచ్చిన దూరపు ఖర్చు కూడా కలిసి ఉంటుంది కాబట్టి, డిపోలకు దూరమైన మన్యంలో డీజిల్ నగరంలో కంటే ప్రియం. బీదప్రాంతం ఎక్కువ చెల్లించడం అన్న ఈ విడ్డూరాన్ని చమురు సంస్థలు 2024 అక్టోబరు చివరలో కొంత సవరించాయి. రాష్ట్రం లోపలి రవాణా ఖర్చును సర్దుబాటు చేసినందువల్ల కుంటకు జిల్లా కేంద్రమైన సుక్మాలో డీజిల్ లీటరుకు 2 రూపాయలకు పైగా, ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా మారుమూల బంకులలో 4 రూపాయలకు పైగా తగ్గింది. సబ్సిడీ లేకుండా, చట్టం లేకుండా, లెక్కను తిరగరాయడం వల్లనే ఇంత తేడా వచ్చిందన్నది గమనించదగిన సంగతి.

అయితే ధర ఎక్కువ కావడం కంటే కిరాయి దానిని ఆలస్యంగా అనుసరించడమే చిన్న లారీ యజమానిని దెబ్బతీస్తుంది. పర్ణశాల పరిసరాల నుంచి హైదరాబాదుకు రానూ పోనూ దాదాపు 700 కిలోమీటర్లు. లోడుతోనూ ఖాళీగానూ కలిపి సగటున లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బండి అనుకుంటే ఒక ట్రిప్పుకు 175 లీటర్లు పడుతుంది. లీటరుకు 10 రూపాయలు పెరిగితే ట్రిప్పుకు 1,750 రూపాయలు అదనం. పెద్ద కంపెనీ ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టులో డీజిల్ సవరణ నిబంధన ఉంటుంది. అంటే ఒప్పందం నాటి ధర కంటే ఇంత శాతం పెరిగితే చెల్లింపు ఇంత పెంచాలని ముందే రాసుకుంటారు. ఆ కాంట్రాక్టరు దగ్గర ట్రిప్పు లెక్కన బండి పెట్టినవాడికి మాత్రం కాగితమేదీ ఉండదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బ్రోకరు చెప్పిందే కిరాయి, అడ్వాన్సు పోగా మిగతాది సరుకు దిగిన తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత. బంకులో మాత్రం నగదు కావాలి. ఫైనాన్సు కిస్తీ తేదీకి కట్టాలి, టైర్లు అరువు దొరకవు, మూడు నెలలకోసారి పన్ను, ఏటా ఇన్సూరెన్సు, గడువు తీరగానే ఫిట్‌నెస్ తప్పవు. కిస్తీ ఉన్నవాడు బండిని నిలబెట్టలేడు కాబట్టి నష్టపు కిరాయికైనా లోడెత్తుతాడు, అతడు ఎత్తాడు కాబట్టి పక్కవాడి కిరాయి కూడా అక్కడే ఆగుతుంది. బళ్లు ఎక్కువ, లోడ్లు తక్కువ అయిన రోజుల్లో డీజిల్ పెరిగినా కిరాయి పెరగకపోవడానికి ఇదే కారణం.

తిరుగు లోడు సమస్య ఈ ప్రాంతానికి ప్రత్యేకమైనది. ఇక్కడి నుంచి ఇసుక, కర్ర, మిర్చి బయటికి పోతాయి గాని ఇక్కడికి వచ్చే సరుకు తక్కువ, కాబట్టి చాలా బళ్లు ఖాళీగా తిరిగి వస్తాయి. ఆ ఖాళీ దూరపు డీజిలంతా పోయిన లోడు కిరాయిలోంచే రావాలి. ఇక జీతానికి నడిపే డ్రైవరు మాటకు వస్తే, అతనికి డీజిల్‌తో సంబంధం లేదని అనుకోవడం పొరపాటు. చాలామంది యజమానులు ట్రిప్పు మొత్తానికి ఇంత అని చేతికిచ్చి, డీజిల్, టోల్‌గేటు, దారి ఖర్చులు పోగా మిగిలింది డ్రైవరు బత్తాగా లెక్కకడతారు. మరికొందరు మైలేజీ ఇంత రావాలని ముందే నిర్ణయించి, అంతకు మించి తాగిన డీజిల్‌ను కూలిలో కోస్తారు. గుంతల రోడ్డు మీద, ఇసుక రీచ్ దగ్గర వరుసలో గంటల తరబడి ఇంజను ఆపుతూ వేస్తూ జరిగే బండి మీద, ఆ మైలేజీ రాదు. అంతర్జాతీయ విపణి నష్టాన్ని భరించేవాళ్లలో చివరివాడు ఈ విధంగా క్లీనరుతో బత్తా పంచుకునే మనిషి అవుతున్నాడు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పనిగంటలను రోజుకు ఎనిమిదిగా నిర్ణయించింది గాని అది ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది, ఒకటి రెండు బళ్ల యజమానుల దగ్గర పనిచేసేవారు దానికి బయటే ఉండిపోయారు.

ఇంతవరకు అందిన ప్రభుత్వ సాయం స్వభావం చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరులో ప్రారంభించిన వాహనమిత్ర పథకం సొంత ఆటో, ట్యాక్సీ నడుపుకునేవారికి ఏటా 10,000 రూపాయలు ఇచ్చింది. 2025 అక్టోబరులో వచ్చిన కొత్త పథకం దానిని 15,000 రూపాయలు చేసింది. తెలంగాణ 2015లో డ్రైవర్లకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. నగదు సాయమంతా మనుషులను ఎక్కించుకునే బండికే దక్కింది, సరుకు మోసే బండికి దక్కలేదు. ఆటో డ్రైవరు ఊళ్లో ఉంటాడు, స్టాండులో సంఘం ఉంటుంది, ఓటు రోజున అందుబాటులో ఉంటాడు. లారీ డ్రైవరు ఆ రోజున ఏ రాయపూర్ దగ్గరో ఉంటాడు. ఈ వ్యాఖ్య కొంత కటువుగా ఉండవచ్చు గాని పథకాల జాబితా దీనిని కాదనడం లేదు. లారీలవారి గొంతు వినబడేది సమ్మెలోనే. 2018 జులైలో అఖిల భారత మోటారు ట్రాన్స్‌పోర్టు కాంగ్రెసు పిలుపుపై ఎనిమిది రోజులు సాగిన సమ్మెలో డీజిల్ ధర మొదటి కోరిక. 2024 జనవరి మొదటి రెండు రోజుల్లో డ్రైవర్లు బళ్లు ఆపింది ప్రమాదం చేసి పారిపోతే కఠిన శిక్ష విధించే కొత్త నిబంధన మీద. ఆ రెండు రోజుల్లోనే హైదరాబాదు బంకుల ముందు బారులు తీరాయి.

ఇతర దేశాల అనుభవంలో నగదు సాయం, కిరాయి నిబంధన అని రెండు దారులు కనిపిస్తాయి. స్పెయిన్‌లో 2022 మార్చిలో చిన్న లారీ యజమానులు బళ్లు ఆపేసినప్పుడు ప్రభుత్వం లీటరుకు 20 యూరో సెంట్ల రాయితీతో పాటు ఒక్కో లారీకి 1,250 యూరోలు ఇచ్చింది. రాయితీ కాలం తీరాక పోయింది. అయితే ఆ ఏడాదే, ఇంధనం ధర మారితే రవాణా ఒప్పందంలో చెల్లింపు మారి తీరాలని, ఖర్చుకు తక్కువైన కిరాయికి లోడు ఇవ్వరాదని చేసిన నిబంధనలు నిలిచాయి. బ్రెజిల్ కథ ఇంకా ఆసక్తికరమైనది. అక్కడి ప్రభుత్వ చమురు సంస్థ 2017లో దాదాపు రోజువారీ ధరలకు మారింది. మరుసటి ఏడాది మే నెలలో లారీ డ్రైవర్లు దేశాన్ని స్తంభింపజేశారు. ప్రభుత్వం డీజిల్‌ను అరవై రోజులు లీటరుకు 46 సెంటావోలు తగ్గించి, 2018 ఆగస్టులో 13,703వ నంబరు చట్టం ద్వారా కనీస కిరాయి పట్టిక తెచ్చింది. డీజిల్ ధర 10 శాతం మారితే పట్టికను తిరగరాయాలన్నది అందులోని కీలకం; 2022లో ఆ హద్దును 5 శాతానికి దించారు. అమలు అంతటా సవ్యంగా ఉందని చెప్పడానికి వీల్లేదు, సరుకు యజమానులు కోర్టుకు కూడా వెళ్లారు. దక్షిణ కొరియాలో కంటైనర్లకు, సిమెంటుకు 2020లో మొదలైన భద్ర కిరాయి విధానం 2022 చివర గడువు తీరి ఆగిపోయింది. 2025లో మళ్లీ చట్టం చేసి, మరుసటి ఏడాది నుంచి అమలుకు తేవలసి వచ్చింది.

మన దగ్గర ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ ప్రకారం సరుకు వాహనాల కిరాయికి గరిష్ఠ, కనిష్ఠ పరిమితులు నిర్ణయిస్తూ ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. బస్సు ఛార్జీల విషయంలో ఈ అధికారం అందరికీ పరిచితమే. లారీల విషయంలో దాని జోలికి పోయేవారు తక్కువ. ప్రభుత్వం మధ్యలో నిలబడితే ఏం జరుగుతుందో హిమాచల్‌ప్రదేశ్ చూపింది: బర్మాణా, దార్లాఘాట్ సిమెంటు కర్మాగారాలు కిరాయి తగాదాతో 2022 డిసెంబరులో మూతపడగా, రెండు నెలలకు పైగా సాగిన చర్చల తర్వాత 2023 ఫిబ్రవరి 20న టన్నుకు, కిలోమీటరుకు చిన్న బండికి 10 రూపాయల 30 పైసలు, పెద్ద బండికి 9 రూపాయల 30 పైసలు అని ముఖ్యమంత్రి సమక్షంలో కుదిరింది. లారీ సంఘాలు అడిగినదానికంటే ఇది తక్కువే, కాని అంకె అందరికీ తెలిసేలా కాగితం మీదికి వచ్చింది.

భద్రాచలం ప్రాంతానికి ఈ మార్గం మరింత అనువైనది. కారణమేమంటే ఇక్కడ లోడు పెట్టేవారిలో ప్రభుత్వమే పెద్దది. బొగ్గు సింగరేణిది, అందులో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. ఇసుక అమ్మేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ. చౌకబియ్యాన్ని మండల స్థాయి నిల్వ కేంద్రం నుంచి డిపోలకు చేర్చే రవాణా పౌరసరఫరాల శాఖ టెండరు. ఏజెన్సీలో ఆ డిపోలు చాలావరకు గిరిజన సహకార సంస్థవి. తునికాకు అటవీ శాఖ పర్యవేక్షణలో కదులుతుంది. తన సొంత టెండర్లలో డీజిల్ సవరణ నిబంధన పెట్టడం, ఆ సవరణ కాంట్రాక్టరు దగ్గర ఆగిపోకుండా బండి నడిపినవాడి ఖాతాలో పడిందన్న రుజువు చూపితేనే బిల్లు చెల్లించడం ప్రభుత్వ సంస్థకు అసాధ్యమేమీ కాదు. ఈ రెండో షరతు లేకుండా మొదటిది పెడితే లాభపడేది కాంట్రాక్టరొక్కడే.

ఇసుక సంగతి కొంత వేరు. ఆన్‌లైనులో ఇసుక బుక్ చేసుకున్నప్పుడు ఇసుక ధర ఇంత అని తెరపై కనిపిస్తుంది, లారీ కిరాయి కనిపించదు, అది బజారుకు వదిలిన బేరం. ఏ వాహనానికి ఏ రీచ్‌లో ఎన్ని టన్నులు, ఎంత దూరం అన్న వివరమంతా సర్కారు దగ్గర ముందే ఉంది కనుక, ఆనాటి డీజిల్ ధరను బట్టి న్యాయమైన కిరాయి ఇంత అని అదే రసీదుపై అచ్చు వేయడం సులువు. అది కచ్చితంగా అమలు కావాలన్న నిబంధన లేకపోయినా, బేరమాడే డ్రైవరు చేతిలో ఒక అంకె ఉంటుంది. దానివల్ల ఇసుక ఖరీదు పెరిగి సామాన్యుడు నష్టపోతాడన్న అభ్యంతరం వస్తుంది. అభ్యంతరంలో నిజం ఉంది. డీజిల్ తగ్గినప్పుడు కిరాయి కూడా తగ్గాలన్న నియమం అదే రసీదులో ఉంటే, ఇప్పుడు తగ్గుదలలో వాటా దొరకని కొనుగోలుదారుకు కూడా మేలే.

నిలుపుదల భత్యం, అంటే బండి తన తప్పు లేకుండా ఆగిపోయిన రోజులకు లోడు పెట్టినవారు చెల్లించవలసిన సొమ్ము, ఈ నది ఒడ్డున ప్రత్యేకంగా ఆలోచించదగినది. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జులై 16న అది 71.3 అడుగులకు చేరి, 1965లో ప్రారంభమైన వంతెనపై రాకపోకలను ఆపవలసి వచ్చింది, దుమ్ముగూడెం, చర్ల దారులు నీట మునిగాయి. అటువంటి రోజుల్లో గట్టున నిలిచిన లారీకి కిస్తీ ఆగదు, డ్రైవరుకు బత్తా రాదు. వరద సాయపు జాబితాలో ఇల్లు, పంట, పశువు ఉంటాయి. పనిపోయిన రోజు ఉండదు. మూడో హెచ్చరిక వెలువడిన రోజు నుంచి ప్రభుత్వ లోడుతో నిలిచిన ప్రతి బండికి రోజుకు ఇంత అని టెండరులోనే రాసుకోవడానికి నీటిమట్టపు కొలత, బండి నంబరు, లోడు రసీదు, ఈ మూడూ అధికారుల దగ్గర ఉన్నవే. రెండు తెలుగు రాష్ట్రాలకు ఒకే పర్మిట్టు కావాలని లారీ సంఘాలు విభజన నాటి నుంచి అడుగుతున్న కోరిక కూడా ఇదే కోవలోది. ఎటపాక దాటి దుమ్ముగూడెం పోయే బండికి అది రాయితీ కన్నా ముందు అవసరం.